ప్రకృతి పరిరక్షకుడు జాన్ మ్యూర్

స్కాట్లండులో 1838లో జన్మించిన జాన్ మ్యూర్ బాల్యంలోనే కుటుంబంతో అమెరికా చేరారు. 1868లో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయను దర్శించి, ఆ పర్వతసీమ సంరక్షణకే జీవితాన్ని అంకితం చేశారు. ఆయన రచనల ప్రభావంతో 1890లో అక్కడ జాతీయ వనం ఏర్పడింది.

1906 నాటి భూకంపం తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, తాగునీటి నిల్వకై ఆ వనంలోనే ఉన్న హెచ్ హెచ్చీ లోయలో టువాలమీ నదిపై ఆనకట్ట కట్టాలని పట్టుబట్టింది. నగరానికి నీరు అవసరమే గాని, దానిని వేరొక చోటి నుండి తేవచ్చునని మ్యూర్ వాదించారు. అయినా 1913లో అమెరికా కాంగ్రెసు రేకర్ చట్టం ద్వారా అనుమతినిచ్చింది. మరుసటి ఏడు ఆయన కన్నుమూశారు. 1923లో ఆనకట్ట పూర్తయి, లోయ జలమయమైంది.

1970లో అమలులోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం ప్రకారం, సమాఖ్య ప్రభుత్వం భారీ ఆనకట్టను తలపెట్టేటప్పుడు ప్రత్యామ్నాయాలను ముందుగా పరిశీలించి తీరాలి. మ్యూర్ నాడు కోరినది అదే.