డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పై చదువులకు పోగోరు మన మోపిదేవి ప్రాంతపు విద్యార్థులు, పరిశోధకునిగా విశ్వవిద్యాలయమున స్థానమెట్లు దొరకునని మమ్మడుగుచుందురు. ప్రవేశపత్రము చేతికి వచ్చినచో కార్యము ముగిసినట్లేయని పలువురి తలంపు. ప్రవేశము వేరు, భృతి వేరు, ఆచార్యుని ప్రయోగశాలలో చోటు వేరు. ఈ మూటిని ఒక్కొక్కటిగా సంపాదించుకొనిన మన ఆంధ్రుని చరిత్రను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది శస్త్రవైద్యాచార్యునకు గిట్టలేదు. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో కొలువు దొరకక, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఉపన్యాసకులైరి.

అంతకుమున్నే ఆయన సోదరులిరువురు స్వల్పకాల వ్యవధిలో స్ప్రూ యను గ్రహణివ్యాధికి బలియైరి. వైద్యము చేతనైనవారు ఇంట నుండియు ప్రాణములు నిలువలేదను బాధయే ఆయనను పరిశోధనవైపు త్రిప్పినదని మేము తలచెదము. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలకు దరఖాస్తు పంపగా ప్రవేశము దొరికెను గాని, విద్యార్థివేతనము దొరకలేదు. కాకినాడ మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మనిధియు, అత్తవారును సాయపడగా 1923లో బోస్టను చేరిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిరి.

అచ్చట పొట్టపోసికొనుటకై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేసిరి. పట్టభద్రుడగు వైద్యునకు అది యెంత కష్టమో మన బాలురూహింతురు గాక! 1924లో డిప్లొమా వచ్చెను. పిమ్మట జీవరసాయనశాఖలో, ఫోలిన్ ఆచార్యుని యాజమాన్యమున, సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చోటు దొరికెను. మా యెరుకలో ఆయనకు నిజమైన ప్రవేశము అదియే. రక్తమునందును మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించిరి. అది నేటికిని వారిరువురి పేరిటనే పిలువబడుచున్నది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని వెల్లడించిరి. అదే యేట జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును వేరుగా ఏ.టి.పి.ని కనుగొనెను. సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టమబ్బినది 1930లో, అనగా ఈ ఘనకార్యములన్నియు జరిగిన పిమ్మటనే!

ఇంత చేసినను హార్వర్డు ఆయనకు శాశ్వతోద్యోగ మీయలేదు. ఇది మాకు న్యాయముగా తోపదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులో లెడర్లీ ఔషధ సంస్థకు పోయి, పరిశోధనలకు అధిపతియైరి. సోదరులను హరించిన స్ప్రూ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును అచ్చటి బృందము కృత్రిమముగా తయారుచేసెను. ఆరియోమైసినును ఆయన యేలుబడిలోనే వెలువడినది. బోదకాలునకు కారణమగు క్రిముల నణచు డైఇథైల్‌కార్బమజైనును అచ్చటిదే. 2004 మొదలు ప్రభుత్వము సామూహికముగా పంచిన బోదకాలు మాత్ర యదియే. దోమలకు కొదువలేని మన డెల్టా గ్రామములవారికి ఆ మాత్ర గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన మరల స్వదేశమునకు రాలేదు. అమెరికా పౌరసత్వమును తీసికొనలేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల ప్రాయమున, పెర్ల్ రివరులోనే నిద్రలో కన్నుమూసిరి.