కాటన్ దొర లెక్క

గోదావరి జిల్లాల ఫ్రెండ్స్ ఎవరినైనా అడగండి, కాలవ గట్టు మీదో ఊరి సెంటర్లోనో గుర్రమెక్కిన ఒక దొర విగ్రహం ఉందంటారు. మనల్ని పాలించిన వాళ్లలో ఒకడికి మన రైతులే దండలేస్తున్నారు. ఎందుకు?

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. 18 ఏళ్లకే, అంటే మనం ఫస్టియర్‌లో చేరే వయసుకి, సైన్యంలో ఇంజనీరుగా మద్రాసు వచ్చేశాడు. మొదట్లో తంజావూరు వైపు కావేరి మీద పని చేశాడు. అక్కడ చోళుల నాటి కల్లణై ఆనకట్టే ఆయనకి గురువు. అడుగున గట్టి రాయి తగలకపోయినా, ఇసుక మీదే పునాది వేసి నదికి అడ్డం కట్టొచ్చని అక్కడే నేర్చుకున్నాడు.

అప్పటి మన డెల్టా ఇప్పటిలా పచ్చగా లేదు. 1832-33లో నందన కరువొచ్చి ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకి పైగా జనం చనిపోయారు. 1839 తుఫానుకి కోరంగి రేవు నాశనమైంది. ఒక ఏడు వానల్లేక ఎండిపోవడం, ఇంకో ఏడు వరదకి కొట్టుకుపోవడం. పక్కనే పారే గోదావరి మాత్రం సముద్రంలో కలిసిపోయేది.

1844లో ఇక్కడికొచ్చిన కాటన్‌కి ఒకటి అర్థమైంది. కరువొచ్చాక గంజి పోస్తే ఆ పూట గడుస్తుంది, వచ్చే కరువు ఆగదు. మన భాషలో చెప్పాలంటే, క్రాష్ అయిన ప్రతిసారీ రీస్టార్ట్ చేసుకుంటూ కూర్చుంటే బగ్ పోదు కదా! కానీ డబ్బులిచ్చేది కంపెనీ. పోయే ప్రాణాల గురించి చెబితే సరిపోదని, నీళ్లొస్తే శిస్తు ఎంత పెరుగుతుందో కూడా లెక్కగట్టి చూపించాడు. అప్పుడుగానీ అనుమతి రాలేదు.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. అక్కడ గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా పారుతుంది. అడిగినంత సిబ్బంది రాలేదు. మధ్యలో కాటన్ ఆరోగ్యం పాడై కొంతకాలం ఆస్ట్రేలియా వెళ్లాల్సొచ్చింది. కూలీల్ని కూడగట్టి పని నడిపించడంలో వీణెం వీరన్న అనే మన తెలుగాయన అండగా నిలిచాడు. వేలమంది చెమటతో 1852కి ఆనకట్ట పూర్తయింది.

అది ఆకాశమంత డ్యామేమీ కాదు. వరదొస్తే నీళ్లు పైనుంచి దూకిపోతాయి, నీళ్లు తగ్గినప్పుడు మట్టం పెరిగి కాలవల్లోకి మళ్లుతాయి. ఆ కాలవల్లోనే ధాన్యం పడవలు కూడా తిరిగేవి. 1876-78లో దక్షిణాదిని పెద్ద కరువు కాల్చేసినప్పుడు గోదావరి డెల్టా తను తిని, బయటికి కూడా బియ్యం పంపింది. అయినా రైళ్లకంటే ముందు కాలవలకి ఖర్చు పెట్టాలన్న కాటన్ వాదనని లండన్‌లో చాలామంది ఒప్పుకోలేదు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు ఆయన గట్టి ప్రశ్నలే ఎదుర్కోవాల్సి వచ్చింది.

ఆనకట్ట తుఫాన్లని ఆపలేదు. 1977లో దివిసీమ ఏమైందో మన తాతలకి తెలుసు. ఆనకట్ట వల్ల కంపెనీ ఖజానా నిండిన మాటా నిజమే. కానీ వాన మొహం చాటేసిన ఏడు కూడా పొయ్యి వెలిగే అవకాశం రైతుకి దక్కింది. ఆ దండలు అందుకే.

కాటన్ 1899లో, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ఈసారి రాజమండ్రి వెళ్తే ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం చూసి రండి.