దారులు వేసిన పెద్దాయన – వనీవర్ బుష్

ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం వేసుకోవడం ఆనవాయితీ. అంబేడ్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన అన్నలు ఎన్నోసార్లు రాశారు. ఈసారి మేము ఒక ఇంజనీరు జీవితాన్ని ఎంచుకున్నాం. ఆయన పేరు వనీవర్ బుష్. అమెరికా అధ్యక్షులుగా చేసిన బుష్‌లకూ ఈయనకూ బంధుత్వం లేదు. సెల్‌ఫోన్‌లో ఏదో చదువుతూ నీలిరంగు మాట మీద వేలు పెడితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది కదా! అలా రాతకూ రాతకూ ముడివేసే ఆలోచనను, కంప్యూటర్లు అప్పుడప్పుడే పుడుతున్న రోజుల్లో కాగితం మీద పెట్టిన మనిషి ఆయన.

బుష్ 1890 మార్చి 11న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఎవరెట్ పట్టణంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. చిన్నతనంలో జబ్బుపడి చాలాకాలం మంచం మీదే గడిపారు. టఫ్ట్స్ కాలేజీలో చేరినప్పుడు ఉపకారవేతనం సగం ఖర్చుకే సరిపోయింది. మిగతాది తోటివారికి లెక్కలు చెప్పి సంపాదించుకున్నారు. స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చదువుతుండగానే, నేల మీద తోసుకుంటూ పోతే ఎత్తుపల్లాలను తానే గీసే యంత్రం చేసి 1912లో పేటెంటు పొందారు. 1916లో డాక్టరేట్ తీసుకున్నారు. 1919లో ఎంఐటీలో అధ్యాపకులుగా చేరి, 1931 నాటికి అవకలన సమీకరణాలను సాధించే పెద్ద యంత్రాన్ని తన బృందంతో తయారుచేశారు. చక్రాలు, పళ్ళెాలు, కడ్డీలు తిరిగితే సమీకరణానికి జవాబు గీతగా వచ్చేది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1941లో ఏర్పడిన శాస్త్ర పరిశోధనల కార్యాలయానికి ఆయనే అధిపతి. దాదాపు ఆరువేల మంది శాస్త్రవేత్తల పనిని నడిపించారు. రాడార్, పెన్సిలిన్ ఉత్పత్తి ఆ పనిలోవే. అణుబాంబు కూడా అందులోదే. ఈ సంగతి దాచి రాయడం మాకు సబబుగా తోచలేదు. 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబు పరీక్షను చూసినవారిలో ఆయన ఉన్నారు. సరిగ్గా అదే జులైలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. యుద్ధం ముగిశాక శాస్త్రవేత్తలు చేయవలసిన పని ఏమిటన్నది ఆ వ్యాసం. చంపే సాధనాలు చాలు, మనుషులు సంపాదించిన జ్ఞానం మనుషులకు అందేలా చూడండి అన్నది దాని సారాంశం.

అందకపోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఆయన మెండెల్ సంగతి ఎత్తుకున్నారు. మెండెల్ బఠానీ మొక్కల మీద చేసిన పని 1866లో అచ్చయింది. దాని విలువ లోకానికి తెలిసింది 1900లో. మనం జీవశాస్త్రంలో చదివే పాఠం ముప్పైనాలుగేళ్ళు అచ్చులోనే ఉండి కూడా కావలసినవారికి చేరలేదు!

తప్పు సర్దే పద్ధతిలో ఉందన్నారు బుష్. లైబ్రరీలో పుస్తకాలను అక్షరక్రమంలోనో, అంకెల ప్రకారమో పెడతారు. ఒక ప్రతికి ఒకటే చోటు. వెతకాలంటే తరగతి, ఉపతరగతి అంటూ మెట్టుమెట్టుగా దిగాలి. ఇంకోటి కావాలంటే మళ్ళీ పైకొచ్చి దిగాలి. మనిషి బుర్ర అలా పనిచేయదు. మామిడికాయ వాసన తగిలితే ఊరు గుర్తొస్తుంది, ఊరితో అమ్మ, అమ్మతో చెల్లి ఫీజు గుర్తొస్తాయి. ఒకదాని చేయి పట్టుకుని ఒకటి వస్తుంది. పుస్తకాలనూ అలా కలపగలిగితే?

అందుకు ఆయన ఊహించిన యంత్రం పేరు మెమెక్స్. చూడటానికి రాతబల్ల. లోపల మైక్రోఫిల్మ్ మీద వేలకొద్దీ పుస్తకాలు, ఉత్తరాలు, సొంత రాతలు. పైన ఏటవాలుగా తెరలు. రెండు కాగితాలను పక్కపక్కన తెచ్చుకుని ఒక మీట నొక్కితే అవి ముడిపడిపోతాయి. తర్వాత ఒకటి తెరిస్తే రెండోది పిలవగానే వస్తుంది. అలా కాగితం తర్వాత కాగితం ముడివేసుకుంటూ పోతే అదొక దారి. దానికి ఒక పేరు. ఒకే కాగితం ఎన్ని దారుల్లోనైనా ఉండవచ్చు.

ఆయన ఉదాహరణ ఇది. తుర్కుల పొట్టి విల్లు ఇంగ్లీషువాళ్ళ పొడవాటి విల్లు కంటే ఎందుకు మేలైందని ఒకరు వెతుకుతున్నారు. విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం, చరిత్ర పుస్తకంలో ఒక పుట, అక్కడినుంచి పక్కకు తిరిగి స్థితిస్థాపకత పాఠం, చివర సొంత చేతిరాతలో ఒక పేజీ. ఏళ్ళ తర్వాత మిత్రుడు అడిగితే ఆ దారినంతా నకలు తీసి చేతిలో పెడతారు. గురువు శిష్యుడికి తాను కనుక్కున్నదే కాక, కనుక్కున్న దారిని కూడా ఇవ్వగలడని బుష్ ఆశ.

మెమెక్స్ ఎన్నడూ తయారు కాలేదు. ఆయన మైక్రోఫిల్మ్‌ను నమ్ముకున్నారు, లోకం డిజిటల్ కంప్యూటర్ వైపు వెళ్ళింది. కానీ ఆలోచన ఆగలేదు. 1945లోనే ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవిలో, గుంజల మీద కట్టిన గుడిసెలో నడిచే రెడ్‌క్రాస్ లైబ్రరీలో ఇరవై ఏళ్ళ నేవీ కుర్రవాడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆ వ్యాసం చదివాడు. 1968 డిసెంబరులో మౌస్‌తో, తెర మీద లింకులతో పనిచేసే కంప్యూటర్‌ను లోకానికి చూపింది అతనే. 1965లో టెడ్ నెల్సన్ ఈ రకం రాతకు హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టారు. 1989లో టిమ్ బెర్నర్స్-లీ వేసిన ప్రణాళికతో వరల్డ్ వైడ్ వెబ్ మొదలైంది. అయితే ఒక తేడా ఉంది. వెబ్‌లో లింకు వేసేది పేజీ రాసినవారు. మెమెక్స్‌లో వేసేది చదివేవారు. బుష్ చదివేవాడి మీద పెట్టిన ఆ నమ్మకం ఇంకా పూర్తిగా నెరవేరలేదు. ఆయన 1974 జూన్ 28న, 84వ ఏట కన్నుమూశారు.

ఇదంతా మనకెందుకు? మా గదిలో పాత ట్రంకు పెట్టెలో ఒక సాంఘికశాస్త్రం నోట్సు ఉంది. ఏ పాఠాన్ని ఏ పాఠంతో కలిపి చదవాలో, కరువు గురించి చదివేటప్పుడు వర్షపాతం పటం ఎందుకు చూడాలో, అంచుల్లో పెన్సిలుతో రాసి ఉంది. అట్ట చిరిగిపోయి రాసిన అన్న పేరు పోయింది. గైడ్లు మాకూ ఉన్నాయి, కానీ పరీక్షల ముందు అందరం వంతులేసుకుని చదివేది ఆ నోట్సునే. దానిలో దారి ఉంది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి. మీరు పంపే పుస్తకాలకు కృతజ్ఞతలు. పంపేముందు అంచుల్లో నాలుగు మాటలు రాయండి, పేరు కూడా రాయండి. తమ్ముళ్ళారా, మనమూ రాద్దాం. రేపు ఈ మంచం మీద పడుకోబోయే పిల్లవాడు మళ్ళీ మొదటి మెట్టు నుంచి దిగనక్కర్లేకుండా చేద్దాం.