కొలబద్దే పొట్టిదైతే? - లోరెంజ్ మాస్టారి కథ

మన బడి పెద్ద తరగతి పిల్లలు హైస్కూలు ఫిజిక్సులో లోరెంజ్ కంట్రాక్షన్ అన్న మాట వినే ఉంటారు. ఆ పేరుగల పెద్దమనిషి ఎవరో ఈసారి చెప్పుకుందాం.

హెండ్రిక్ లోరెంజ్ గారు 1853 జులై 18న హాలెండులోని ఆర్నెమ్‌లో పుట్టారు. తండ్రికి మొక్కల నర్సరీ ఉండేది. నాలుగేళ్ళ వయసులోనే తల్లి పోయింది. 24 ఏళ్ళకే లైడెన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యారు.

కాంతి ఈథర్ అనే కనబడని పదార్థంలో అలలుగా ప్రయాణిస్తుందని ఆ రోజుల్లో నమ్మకం. భూమి ఆ ఈథర్లో దూసుకుపోతోందంటే, ఒక్కో దిక్కున పోయే కాంతికి పట్టే సమయంలో తేడా రావాలి కదా! 1887లో అమెరికాలో మైకెల్‌సన్, మోర్లీ ఎంతో జాగ్రత్తగా కొలిచారు. అనుకున్న తేడా రాలేదు. 1892లో లోరెంజ్ గారు ఒక సాహసం చేశారు. కదిలే వస్తువు తను పోయే దిశలో కొంచెం పొట్టిదవుతుందన్నారు. కొలిచే పరికరమే కుంచించుకుపోతే ఇక తేడా ఎలా తెలుస్తుంది? డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్ 1889లోనే ఈ మాట అన్నారని తర్వాత తెలిసింది. లోరెంజ్ గారు ఆ సంగతి దాచలేదు, తన పుస్తకంలోనే రాశారు.

సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెత్తే మన భూమి తగ్గేది ఆరేడు సెంటీమీటర్లే! అదే సెకనుకు 2,60,000 కిలోమీటర్ల వేగమైతే మీటరు బద్ద మనకు అరమీటరే. బద్దతోపాటు ప్రయాణించేవారికి మాత్రం అది మీటరే.

1905లో ఐన్‌స్టీన్ వచ్చి ఈథర్ అక్కర్లేదన్నారు. వస్తువును ఏదీ నొక్కడం లేదు, స్థలకాలాల తీరే అంత అన్నారు. సూత్రాలు మాత్రం లోరెంజ్ గారివే. ఈయన ఈథర్‌ను చివరిదాకా వదులుకోలేకపోయారు, అయినా ఆ కుర్రవాడి సిద్ధాంతాన్ని తన విద్యార్థులకు శ్రద్ధగా బోధించారు. మాకు ఆయనలో బాగా నచ్చింది ఇదే.

(1902 నోబెల్ బహుమతి వేరే పనికి వచ్చింది, శిష్యుడు జీమన్‌తో కలిపి.)

1916లో సముద్రం పొంగి హాలెండును ముంచింది. జౌడర్ జీ అనే సముద్రపు పాయకు అడ్డంగా కట్ట వేయాలనుకున్నారు. వేస్తే బయటి తీరాల్లో నీరెంత లేస్తుంది? తక్కువ అంచనా వేస్తే ఊళ్ళే పోతాయి. 1918 నుంచి ఎనిమిదేళ్ళు ఆ కమిటీకి పెద్దగా ఉండి లెక్కలు కట్టారు మాస్టారు.

1928 ఫిబ్రవరి 4న కన్నుమూశారు. అంత్యక్రియల రోజు హాలెండులో టెలిగ్రాఫు, టెలిఫోను మూడు నిమిషాలు ఆపేశారు. కట్ట 1932లో పూర్తయింది. పోటు ఆయన లెక్కకు దగ్గరగానే వచ్చింది.