కూఫా బజారులో బట్టల వ్యాపారి

అంగడిలో కూర్చున్న మనిషికి రోజూ రెండు పరీక్షలు ఎదురవుతాయి. ఒకటి తూకంలో, కొలతలో, ధరలో. రెండోది నోటి మాటలో. మొదటి పరీక్ష గురించి మనం తరచూ వింటూనే ఉంటాం. రెండోదాన్ని మాత్రం చాలామంది పరీక్షగానే లెక్కించరు. పొద్దున్నుంచి నిలబడి ఒకదాని తర్వాత ఒకటిగా బట్టలు విప్పి చూపించాక, కొనడానికి వచ్చిన మనిషి ముఖం చిట్లించి, దొంగ ధరలు చెబుతున్నావని నలుగురిలో అనేసి వెళ్లిపోతే నాలుకను అదుపులో ఉంచుకోవడం ఎంత కష్టమో ఆ పని చేసేవారికే తెలుసు.

ఈ రెండు పరీక్షల్లోనూ నెగ్గిన ఒక వ్యాపారి జీవితాన్ని ఈ నెల తెలుసుకుందాం. లోకం ఆయన్ను గొప్ప ధర్మశాస్త్రవేత్తగా ఎరుగును. మన రెండు తెలుగు రాష్ట్రాల ముస్లింలలో ఎక్కువమంది నమాజు, ఉపవాసం మొదలుకొని వివాహం, వ్యాపారం వరకు ఆయన పేరిట ఏర్పడిన హనఫీ ధర్మశాస్త్రాన్నే అనుసరిస్తారు. కాని ఆ మహనీయుడు బట్టల దుకాణం నడిపి బతికిన మనిషి అన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆయనే ఇమామె ఆజమ్ అబూహనీఫా (రహ్మలై).

దుకాణం నుంచి విద్యాపీఠానికి

ఆయన అసలు పేరు నూమాన్ బిన్ సాబిత్. హిజ్రీ 80 (క్రీ.శ. 699)లో ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. వారి తాతగారు కాబూల్ ప్రాంతానికి చెందినవారని చరిత్రకారులు రాశారు. కూఫా నగరం హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో, హిజ్రీ 17లో సైనిక స్థావరంగా వెలసింది. అబూహనీఫా (రహ్మలై) నాటికి అక్కడ అరబ్బులు, పర్షియన్లు, ఇంకా అనేక జాతులవారు స్థిరపడ్డారు. రాజకీయ కక్షలకు, మతపరమైన వాదోపవాదాలకు ఆ నగరం పెట్టింది పేరు. ఇలాంటి ఊరి బజారులో అన్ని రకాల నోళ్లూ ఉంటాయి.

ఆయనది ‘ఖజ్జ్’ అనే బట్ట వ్యాపారం. పట్టు, ఉన్ని కలిపి నేసే ఖరీదైన వస్త్రం అది. అమ్ర్ బిన్ హురైస్ ఇంటి ఆవరణలో ఉన్న ఆయన దుకాణం ఊరందరికీ తెలిసినదేనని గ్రంథాలు చెబుతున్నాయి. యవ్వనంలో ఆయన ధ్యాసంతా బజారు మీదే ఉండేది. ఒకరోజు ఆయన దారిన వెళుతుండగా ఇమామ్ షాబీ (రహ్మలై) పిలిచి, ఎవరి దగ్గరికి వెళుతుంటావని అడిగారు. బజారుకని ఈయన చెప్పారు. ఆ యువకుడిలోని చురుకుదనం చూసి, పండితుల సాంగత్యం కూడా చేయమని షాబీ (రహ్మలై) హితవు పలికారు. ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. తరువాత హమ్మాద్ బిన్ అబీ సులైమాన్ (రహ్మలై) దగ్గర 18 ఏళ్లు విద్యనభ్యసించారు. హిజ్రీ 120లో గురువుగారు మరణించాక ఆ పీఠాన్ని తానే అధిష్టించారు.

అయినా దుకాణాన్ని వదల్లేదు. భాగస్వాముల సాయంతో వ్యాపారం సాగిస్తూ, వచ్చిన లాభంతో పండితులకు, విద్యార్థులకు తిండి, బట్ట సమకూర్చేవారు. తనకు కృతజ్ఞత చెప్పవద్దని, అది దేవుడు తన చేతి మీదుగా వారికి పంపిన సొమ్మేనని వారికి నచ్చజెప్పేవారు. పాలకుల కానుకలకు చేయి చాచే అవసరం ఆయనకు రాలేదంటే దానికి కారణం ఈ దుకాణమే.

ఎగతాళి అనుకున్నవారు

ఒకసారి ఒక స్త్రీ పట్టువస్త్రం తెచ్చి అమ్మజూపింది. వెల వంద దిర్హమ్‌లు అంది. అది అంతకంటే ఎక్కువే చేస్తుందని ఇమామ్ చెప్పారు. ఆమె మరో వంద పెంచింది. ఇంకా ఎక్కువ చేస్తుందన్నారు. అలా నాలుగు వందలకు చేరింది. అప్పుడూ ఆయన అదే మాట అనేసరికి ఆమెకు కోపం వచ్చింది. తనను ఎగతాళి చేస్తున్నారా అని నిలదీసింది. ఇమామ్ నొచ్చుకోలేదు. వెల కట్టగల మనిషిని వెంటబెట్టుకు రమ్మని చెప్పి, అతను వచ్చాక అయిదు వందలిచ్చి ఆ వస్త్రాన్ని కొన్నారు.

మరొకసారి ఒక వృద్ధురాలు వచ్చింది. తాను బలహీనురాలినని, బేరమాడలేనని, మీకు ఎంతకు పడిందో అంతకే ఇమ్మని వేడుకుంది. నాలుగు దిర్హమ్‌లు ఇచ్చి తీసుకువెళ్లమన్నారు ఇమామ్. అంత ఖరీదైన బట్ట నాలుగు దిర్హమ్‌లా! ముసలిదాన్ని పరిహాసం చేయడం తగదని ఆమె మందలించింది. అప్పుడాయన లెక్క విడమరచి చెప్పారు. తాను రెండు వస్త్రాలు కొన్నానని, రెండింటి మొత్తం ఖరీదులో నాలుగు దిర్హమ్‌లు తక్కువగా మొదటి వస్త్రానికే వచ్చాయని, కాబట్టి ఈ రెండోది తనకు నాలుగు దిర్హమ్‌లకే పడిందని వివరించారు.

ఈ రెండు సంఘటనల్లో ఒక పోలిక గమనించండి. వ్యాపారి నిజం చెబుతుంటే కొనుగోలుదారు, అమ్మకందారు ఇద్దరూ దాన్ని ఎగతాళి అనుకున్నారు. వాళ్లను అలా తయారుచేసింది బజారే. అంతకు ముందు ఎన్ని దుకాణాల్లో మోసపోయారో, ఎందరు తమను తేలిక చేసి మాట్లాడారో! మనతో కటువుగా మాట్లాడే మనిషి కోపం చాలాసార్లు మన మీద పుట్టినది కాదు. ఇతరులు చేసిన గాయాన్ని అతను మన గుమ్మం దాకా మోసుకొస్తాడు. ఇమామ్ ఆ అనుమానాన్ని అవమానంగా భావించకుండా, లెక్క చూపించి దాన్ని పోగొట్టారు.

లోపం మనదైతే

కోపంగా వచ్చిన ప్రతి కొనుగోలుదారూ తప్పు చేస్తున్నవాడని అనుకోకూడదు. ఇమామ్ గారికి హఫ్స్ బిన్ అబ్దుర్రహ్మాన్ అనే భాగస్వామి ఉండేవారు. ఆయనకు సరుకు పంపుతూ, ఫలానా వస్త్రంలో లోపం ఉందని, అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి అమ్మాలని కబురు చేశారు. హఫ్స్ సరుకంతా అమ్మేశారు. లోపం సంగతి చెప్పడం మరిచిపోయారు. కొన్నది ఎవరో కూడా గుర్తులేదు. విషయం తెలియగానే ఇమామ్ ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేశారు. లోపమున్నది ఒక్క వస్త్రంలోనే. అయినా తెలియక కలిసిపోయిన అనుమానపు సొమ్ము తన ఇంట ఉండకూడదనుకున్నారు.

ఆయన ధర్మశాస్త్రంలోనూ ఈ దృష్టి కనిపిస్తుంది. దాచిన లోపం బయటపడితే సరుకు తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉంది. చూడకుండా కొన్న వస్తువును చూశాక వద్దనే హక్కు ఉంది. బేరం కుదిరేటప్పుడే షరతు పెట్టుకుంటే మూడు రోజుల వరకు ఆలోచించుకునే గడువు ఉంది. వీటిని ‘ఖియారాత్’ అంటారు. అంటే సరుకు వెనక్కి తెచ్చిన మనిషి మన గుమ్మం ముందు బిచ్చమడగడం లేదు, తన హక్కు అడుగుతున్నాడు. అతని గొంతు పెద్దదైనంత మాత్రాన ఆ హక్కు చిన్నదైపోదు.

ఈ పాఠం దైవప్రవక్త (స) ఆచరణ నుంచే వచ్చింది. ఒంటె బాకీ వసూలుకు వచ్చిన ఒక వ్యక్తి ఆయనతో ఎంతో పరుషంగా మాట్లాడాడు. సహచరులు అతని మీదికి వెళ్లబోయారు. దైవప్రవక్త (స) వారించారు. హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉంటుందన్నారు. అతనికి రావలసిన ఒంటె కంటే మేలైనదే దొరికితే దాన్నే ఇప్పించారు.

హక్కు తనవైపు ఉన్నప్పుడు కూడా ఇమామ్ మెత్తగానే ఉన్నారు. ఒకరోజు ఒక మనిషి దూరం నుంచే ఆయన్ను చూసి దారి మళ్లాడు. ఇమామ్ పిలిచి కారణమడిగారు. పదివేల దిర్హమ్‌లు బాకీ పడి చాలాకాలమైందని, తీర్చలేక ముఖం చాటేశానని అతను చెప్పుకున్నాడు. ఇమామ్ ఆ బాకీ మొత్తం మాఫీ చేశారు. అంతటితో ఆగలేదు. తనను చూసి అతని గుండెలో భయం పుట్టినందుకు తననే క్షమించమని కోరారు.

గడప దగ్గర నిలబడి

ఇక ఏ హక్కూ లేకుండా, కేవలం తిట్టడానికే తిట్టేవారి సంగతేమిటి? ఆయనకు అలాంటివారూ ఎదురయ్యారు. ఒకరోజు పాఠం చెబుతుండగా ఒకతను వచ్చి నోటికొచ్చినట్లు దూషించసాగాడు. ఇమామ్ పాఠం ఆపలేదు, శిష్యులను జవాబు చెప్పనివ్వలేదు. పాఠం ముగించి ఇంటికి బయలుదేరితే అతను తిడుతూనే వెంటపడ్డాడు. ఇంటి గడప దగ్గర ఇమామ్ ఆగారు. ఇది నా ఇల్లు, నేను లోపలికి వెళ్లేలోగా చెప్పవలసింది ఇంకేమైనా మిగిలి ఉంటే చెప్పేయమన్నారు. ఆ మనిషి సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఆయన పొరుగున చెప్పులు కుట్టే ఒకతను ఉండేవాడు. రాత్రయితే తాగి పెద్ద గొంతుతో పాడుతుండేవాడు. ఇమామ్ రాత్రంతా ఆరాధనలో ఉంటే ఆ గోల వినిపిస్తూనే ఉండేది. ఒక రాత్రి పాట వినిపించలేదు. వాకబు చేస్తే భటులు పట్టుకుపోయారని తెలిసింది. తెల్లవారగానే ఇమామ్ స్వయంగా అధికారి దగ్గరికి వెళ్లి అతన్ని విడిపించుకొచ్చారు. అతను ఆ అలవాటు మానుకుని పశ్చాత్తాపపడ్డాడని గ్రంథాల్లో ఉంది.

వంగని శిరస్సు

ఇవన్నీ చదివి ఆయన పిరికివారని, గొడవలంటే భయపడేవారని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఉమయ్యాల చివరి రోజుల్లో ఇరాక్ గవర్నర్ ఇబ్నె హుబైరా ఆయనకు పదవి ఇవ్వజూపాడు. అన్యాయపు పాలనలో భాగం పంచుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. కొరడా దెబ్బలు తిన్నారు కాని మాట మార్చలేదు. ఆ తరువాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఆయన్ను బగ్దాద్‌కు పిలిపించి న్యాయమూర్తి పదవి స్వీకరించమన్నాడు. దానికి తాను తగనని ఇమామ్ అన్నారు. అబద్ధమాడుతున్నావని ఖలీఫా గద్దించాడు. అబద్ధాలాడేవాడు న్యాయమూర్తిగా ఎలా పనికొస్తాడని ఇమామ్ ఎదురు ప్రశ్న వేశారు. ఫలితంగా చెరసాల పాలయ్యారు. హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో బగ్దాద్‌లో కన్నుమూశారు. ఆయన సమాధి ఉన్న ప్రాంతాన్ని ఆయన బిరుదు మీదుగానే నేటికీ ఆజమియా అని పిలుస్తారు.

పాఠకులారా! ఆయన జీవితంలో ముఖ్యంగా గ్రహించవలసింది ఇక్కడే ఉంది. వృద్ధురాలి మందలింపు ముందు, బాకీదారు ముందు, దారిన పోయేవాడి తిట్ల ముందు ఆయన మెత్తబడ్డారు. గవర్నర్ ముందు, ఖలీఫా ముందు గట్టిగా నిలబడ్డారు. మనలో ఎక్కువమంది దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేస్తాం. కారులో దిగిన గిరాకీ ఎంత దురుసుగా మాట్లాడినా నవ్వుతూ కుర్చీ వేస్తాం. చేతి సంచితో వచ్చిన పేద మనిషి రెండుసార్లు ధర అడిగితే విసుక్కుంటాం. మొదటిదాన్ని ఓర్పు అని పిలుచుకుంటాం గాని అది లాభం మీద ఆశ మాత్రమే. ఏమీ కొనకుండా వెళ్లిపోయే మనిషి కటువు మాటను భరించినప్పుడే ఓర్పు ఉందో లేదో తెలుస్తుంది.

కౌంటర్ దగ్గర నిలబడే సోదర సోదరీమణులు ఇమామ్ జీవితం నుంచి మూడు విషయాలు పట్టుకుపోవచ్చు. దురుసు మాట వినగానే అందులో న్యాయమైన ఫిర్యాదు ఉందేమో ముందు చూడాలి. ఉంటే సరిదిద్దాలి. అది అనుమానమైతే లెక్క చూపించి తీర్చాలి. అది ఉత్త దూషణే అయితే తిట్టుకు తిట్టు బదులివ్వకుండా, మర్యాదగా ఆ మాటను అక్కడితో ముగించాలి. కోపాన్ని దిగమింగి మనుషులను క్షమించేవారిని అల్లాహ్ ప్రేమిస్తాడని, అజ్ఞానులు ఎదురుపడితే శాంతి వచనం పలికి సాగిపోవడం ఆయన దాసుల లక్షణమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది.

యజమానులకూ ఒక బాధ్యత ఉంది. ధర నిర్ణయించేది యజమాని, తిట్లు తినేది జీతానికి పనిచేసే కుర్రవాడు. సరుకు లోపం దాచమని చెప్పి, అది బయటపడ్డాక కొనుగోలుదారు ముందు అతన్నే కసరడం పెద్ద అన్యాయం. పనివాడి సహనం కొనుగోలుదారు కోపానికి అడ్డుగోడ కావాలంటే, దాని వెనుక యజమాని నిజాయితీ ఉండాలి. హద్దు మీరి అవమానించే మనిషి ఎదురైతే యజమాని ముందుకు వచ్చి తన పనివాడి పక్షాన నిలబడాలి. ఇక కొనేవాళ్లంగా మనం దుకాణంలో అడుగు పెట్టినప్పుడు, అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ బాకీ అడిగేటప్పుడూ మృదువుగా ఉండే మనిషిని అల్లాహ్ కరుణించాలని దైవప్రవక్త (స) చేసిన ప్రార్థనను గుర్తు చేసుకోవాలి.

సాయంత్రం గల్లాపెట్టె లెక్క చూసుకునేటప్పుడు ఆ రోజు ఎవరి మాట భరించామో, ఎవరి మనసు నొప్పించామో కూడా ఒకసారి చూసుకుందాం. రేపు పరలోకంలో తెరిచే ఖాతాలో ఆ లెక్క కూడా ఉంటుంది. మన సంపాదనలో నిజాయితీని, మన నాలుకలో మృదుత్వాన్ని, బలవంతుల ముందు ధైర్యాన్ని, బలహీనుల ముందు వినయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.