కళాయోగి ఆనంద కుమారస్వామి

తాతలు మనకు ఇచ్చిపోయిన సంపద యొకటి, మనము కష్టపడి ఆర్జించుకొన్న సంపద మఱియొకటి. సంస్కృతి ఈ రెండింటిలో దేనికి చెందునను ప్రశ్న సముద్రము దాటి వచ్చినవారి సంతతికి తఱచుగా కలుగుచుండును. భారతీయ కళామహిమను పాశ్చాత్యలోకమునకు ఎఱిగించిన డాక్టరు ఆనంద కుమారస్వామి జీవితమున ఈ ప్రశ్నకు ఒక సమాధానము లభించును. ఆయన శాస్త్రజ్ఞుడుగా ఉద్యోగము నారంభించి, పత్రికా సంపాదకుడై, కళావిమర్శకుడై, తుదకు తత్త్వవేత్తయై లోకమున ప్రసిద్ధి గాంచెను. అట్టి మహనీయుని చరిత్రను మన యువతీయువకులు తెలిసికొనుట ఎంతైనను అవసరము.

ఆయన 1877వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన సింహళద్వీపమందలి కొలంబో నగరమున జన్మించెను. తండ్రి సర్ ముత్తు కుమారస్వామి తమిళ హిందువు. లండనులో న్యాయవాది పట్టమును పొంది, సింహళ శాసన మండలిలో సభ్యుడై, 1874లో సర్ బిరుదము నందుకొన్నవాడు. హరిశ్చంద్రుని కథ తెలియని యిల్లు మనలో లేదు గదా! ఆ కథను తమిళ నాటకమునుండి ఆంగ్లమునకు అనువదించి 1863లో ప్రకటించినది ఈ ముత్తు కుమారస్వామియే. తల్లి ఎలిజబెత్ బీబీ ఇంగ్లండునందలి కెంటు ప్రాంతపు స్త్రీ. ఆ ప్రాంతమును బట్టియే కుమారుని పేరులో కెంటిష్ అను పదము చేరినది.

1879లో తల్లి పసిబిడ్డతో ఇంగ్లండు చేరెను. తరువాతి ఓడలో రావలసిన తండ్రి ప్రయాణ సన్నాహములో నుండగానే మే నెలలో అకస్మాత్తుగా మరణించెను. అప్పటికి బిడ్డకు రెండేండ్లయిన నిండలేదు. అందుచేత ఆనందుడు తండ్రి దేశమునకు దూరముగా, ఆంగ్ల వాతావరణములో, ఆంగ్ల పాఠశాలలో పెరిగెను. 1900లో లండను విశ్వవిద్యాలయ కళాశాలనుండి భూగర్భశాస్త్రము, వృక్షశాస్త్రములలో పట్టభద్రుడయ్యెను. అంతవరకు ఆయనకు భారతీయ శిల్పముతో గాని, సంస్కృత గ్రంథములతో గాని గాఢ పరిచయము కలిగిన అవకాశము లేదు.

1903లో ఆయన సింహళ ఖనిజ పరిశోధన శాఖకు అధిపతిగా నియమింపబడెను. రాళ్లను, ఖనిజములను వెదకుచు కొండలయందును పల్లెలయందును సంచరించెను. ఆ శాస్త్రకృషికిగాను 1906లో లండను విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరు పట్టము నిచ్చెను. అయితే రాళ్లకొఱకు పల్లెలకు పోయిన ఆ యువకుని కన్నులకు అచటి మనుష్యులు కనబడిరి. కంచరి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చిత్రకారుడు, నేతగాడు, వీరందఱును తరతరముల విద్యను చేతులలో నిలుపుకొని యుండిరి. కాని విదేశపు సరకుల రాకతో వారి పనికి ఆదరణ తగ్గిపోవుచుండెను. చదువుకొన్న స్వదేశీయులే తమ పాత వస్తువులను చూచి సిగ్గుపడుచుండిరి. ఈ దృశ్యము ఆయన జీవితమార్గమును మార్చివైచినది.

1905లో ఆయన కండి ప్రాంతపు నాయకులకు ఒక బహిరంగ లేఖ వ్రాసి, ప్రాచీన కట్టడములను, చేతిపనులను కాపాడుడని కోరెను. పిమ్మట మిత్రులతో కలిసి సింహళ సంఘ సంస్కరణ సమాజమును స్థాపించెను. ఆ సమాజ పక్షమున 1906లో సిలోన్ నేషనల్ రివ్యూ అను పత్రిక వెలువడెను. దాని సంపాదకత్వ భారమును వహించినవారిలో ఆయన ముఖ్యుడు. పరదేశపు వేషభాషలను గ్రుడ్డిగా అనుకరింపరాదనియు, పిల్లలకు మాతృభాషలో విద్య నేర్పవలెననియు, దేశీయ కళలను పోషింపవలెననియు ఆ పత్రిక బోధించెను. 1911 వఱకు మాత్రమే నడచినను, ఆసియా ఖండపు జాతీయ మేల్కొల్పున దానికొక స్థానము కలదు. తల్లిభాష విలువను గూర్చి ఇట్లు వ్రాయించినవాడు ఆంగ్లమే తల్లిభాషగా పెరిగినవాడగుట గమనింపదగిన విషయము.

సింహళ పల్లెలలో చూచినదానిని ఆయన మీడీవల్ సింహళీస్ ఆర్ట్ అను మహాగ్రంథముగా కూర్చెను. ఆయన మొదటి భార్య ఎథెల్ ఆ గ్రంథమునకై ఛాయాచిత్రములను తీసెను. ఇంగ్లండులోని బ్రాడ్ కాంప్డెన్ గ్రామమున తన యింటనే, చేతితో నడుపు ముద్రణయంత్రముపై, దాదాపు పదునైదు మాసములు శ్రమించి 1908లో ఆయన దానిని అచ్చువేయించెను. ఆంగ్ల కవియు హస్తకళా పోషకుడును అయిన విలియం మోరిస్ తన గ్రంథములను ముద్రించుటకు వాడిన యంత్రమది. అచ్చయిన ప్రతులు 425 మాత్రమే. చేతిపనివారిని గూర్చిన గ్రంథమును చేతిపనిగానే సిద్ధము చేయుట ఆయన నిష్ఠకు తార్కాణము.

ఆ కాలమున భారతదేశపు దేవతామూర్తులను పాశ్చాత్య పండితులు పెక్కుమంది కళగా నంగీకరింపలేదు. 1910లో లండనున జరిగిన యొక సభలో సర్ జార్జి బర్డ్‌వుడ్ అను పెద్ద పండితుడు, జావా ద్వీపపు బుద్ధవిగ్రహమును ఉడికించిన పిండిముద్దతో పోల్చి పరిహసించెను. దీనికి ఆంగ్ల కళాకారులే కొందఱు పత్రికా ముఖమున నిరసన తెలిపిరి. ఆ సందర్భముననే ఇండియా సొసైటీ అను సంఘము పుట్టెను. దాని స్థాపకులలో హావెల్ దొరతో పాటు కుమారస్వామియు నొకడు. ఆ పరిహాసమునకు ఆయన కోపముతో బదులు చెప్పలేదు. జీవితకాలపు పాండిత్యముతో బదులు చెప్పెను.

1910-11లో అలహాబాదున జరిగిన ప్రదర్శనమునందు కళావిభాగమును ఆయన నిర్వహించెను. ఉత్తరదేశమున తిరిగి వందలకొలది చిత్రములను సేకరించెను. అంతవఱకు మొగలు చిత్రములలో కలిపి లెక్కింపబడుచుండిన రాజపుత్ర చిత్రములకు ప్రత్యేక సంప్రదాయము కలదని 1916లో రెండు సంపుటముల గ్రంథమున నిరూపించెను. గోపాలుడు, గోపికలు, రాగమాలలు గల ఆ చిన్న చిత్రములు నేడు ప్రపంచపు ప్రదర్శనశాలలలో గౌరవస్థానము పొందియున్నవనిన, దానికి ఆయన కృషియే ముఖ్య కారణము.

ఇచట తెలుగువారికి గర్వకారణమైన విషయమొకటి చెప్పవలసి యున్నది. కృష్ణా మండలమున పెనుగంచిప్రోలులో 1889లో జన్మించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆ దినములలో ఎడింబరోలో ఎం.ఏ. చదువుచుండెను. కుమారస్వామితో ఆయనకు స్నేహము కలిగెను. నందికేశ్వరుని అభినయదర్పణమును వీరిరువురును కలిసి ఆంగ్లీకరించిరి. వారు ఆధారముగా గైకొన్నది తెలుగు లిపిలో అచ్చయిన ప్రతి. మిర్రర్ ఆఫ్ జెస్చర్ అను పేరుతో 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము దానిని ప్రకటించెను. మన నాట్యముద్రల అర్థమును పాశ్చాత్యులు తెలిసికొనుటకు అది ద్వారము తెఱచినది. ఈ గోపాలకృష్ణయ్యయే తరువాత స్వదేశము చేరి, 1921లో చీరాల పేరాల ఉద్యమమునకు నాయకుడై, ఆంధ్రరత్న యని ప్రజలచే కీర్తింపబడి, 1928లో స్వర్గస్థుడయ్యెను.

కుమారస్వామి తాను సేకరించిన కళాసంపదనంతయు భారతదేశమునకే యిచ్చి, కాశీలో నొక జాతీయ ప్రదర్శనశాల నెలకొల్పవలెనని సంకల్పించెను. అందులకు కావలసిన ధనము సమకూడలేదు. ఆ నిధిని నిలుపుకొనుటకు స్వదేశీయులు ముందునకు రాలేదు. అమెరికా దేశస్థుడగు డెన్మన్ రాస్ ద్వారా ఆ సేకరణ బోస్టన్ లలితకళా ప్రదర్శనశాలకు చేరెను. దానితో పాటు 1917లో కుమారస్వామియు భారతీయ కళావిభాగమునకు అధికారియై అచటికే తరలెను. మరణ పర్యంతము ముప్పదియేండ్లు ఆయన అచటనే పనిచేసెను. ఇంటనున్న నిధిని ఇంటివారు గుర్తింపనిచో అది పొరుగింటికి పోవుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

1918లో వెలువడిన డాన్స్ ఆఫ్ శివ అను వ్యాససంపుటి ఆయన కీర్తిని దేశదేశములకు చేర్చెను. నటరాజమూర్తి డమరువు సృష్టిని, అగ్ని సంహారమును, అభయహస్తము రక్షణను, ఎత్తిన పాదము మోక్షమును సూచించునని అందు ఆయన విశదపఱచెను. నేడు ఏ దేశమున నటరాజ విగ్రహమును చూచినను చదువరులు చెప్పు అర్థము చాలవఱకు ఈ వ్యాసమునుండి వచ్చినదే. 1927లో భారతదేశపు కళాచరిత్రను, ఆగ్నేయాసియా ద్వీపముల కళాచరిత్రను ఒకే గ్రంథమున కూర్చెను. కృష్ణాతీరపు అమరావతి శిల్పమునకు అందు సముచిత స్థానము లభించినది. బుద్ధవిగ్రహము గ్రీకుల యనుకరణమే యను వాదమును ఖండించి, మథురయందలి స్వదేశ శిల్పసంప్రదాయమునుండియు అది పుట్టినదని వాదించెను. సంస్కృతము, పాళీ, గ్రీకు, లాటిను భాషల గ్రంథములను మూలములోనే చదివి, సర్వమతముల లోతులలో నున్న ఏకత్వమును చివరి దశలో వివరించెను. చూచుటకు మాత్రమే పనికివచ్చు అలంకారము కళ కాదనియు, వాడుకకును ఆరాధనకును ఉపయోగపడునట్లు చక్కగా చేయబడిన ప్రతి వస్తువును కళయేననియు ఆయన సిద్ధాంతము.

ఆయన చెప్పిన ప్రతి మాటను మనము శిరసావహింప నక్కఱలేదు. ప్రాచీన వర్ణవ్యవస్థ పనివారికి గౌరవమును, భద్రతను కలిగించెనని ఆయన సమర్థించెను. గ్రంథములలోని ఆదర్శము ఆయనకు స్పష్టముగా కనబడినంతగా, పల్లెలలో క్రిందికి త్రొక్కబడినవారి బాధ కనబడలేదని చెప్పవలసి యున్నది. మన పెద్దలలో పెక్కుమంది ఆ బాధను అనుభవించియే ఓడలెక్కిరి. ఓడలో ఒకే పాత్రలో వండిన అన్నమును అందఱును తినిరి. కావున ఈ విషయమున వారి అనుభవమే మనకు ప్రమాణము. ఒక విషయమున భేదించినంత మాత్రమున మహనీయునిపట్ల గౌరవము తఱుగదు.

1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. ఆ ఉత్సవమును ఆయన బోస్టనున నుండియే జరుపుకొనెను. వారము దినములకు డెబ్బదియవ జన్మదినము వచ్చెను. మిత్రులు చేసిన సన్మానమున, తాను ఉద్యోగమును విరమించి భారతదేశమునకు మరలి, శేషజీవితమును అచటనే గడుపనున్నట్లు ప్రకటించెను. కాని దైవసంకల్పము వేఱుగా నుండెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన బోస్టను సమీపమందలి నీడమ్‌లో ఆయన కన్నుమూసెను. కోరిన ప్రయాణము సాగలేదు. ఆయన పుట్టిన కొలంబో నగరమున నొక రాజవీథికి తరువాత ఆయన పేరు పెట్టబడెను.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన దేమి? ఆనంద కుమారస్వామి జీవితమంతయు పేరులేని పనివారి పేరు నిలుపుటకే వినియోగించెను. మన పూర్వులును అట్టివారే. 1860 నుండి 1911 వఱకు నేటాలునకు వచ్చిన ఓడల జాబితాలలో ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, ఒంటిమీది మచ్చ వ్రాయబడినవి. వారికి పాట వచ్చునో, మద్దెల వచ్చునో, విగ్రహము చెక్కుట వచ్చునో ఎవరును వ్రాయలేదు. చెఱకుతోటల నడుమ వారు కట్టిన తొలి ఆలయముల నిర్మాతలలో కిష్టప్ప రెడ్డి వంటి ఒకరిద్దఱి పేర్లే మనకు మిగిలినవి. వారి కంచుదీపములు, రామభజన తాళములు, పెండ్లిపాటలు వ్రాసికొన్న పుస్తకములు ఇంకను కొన్ని యిండ్లలో అటకలపై నున్నవి. ఇండ్లు మాఱునపుడు, పెద్దలు పోయినపుడు అవి చెత్తబండి పాలగుచున్నవి.

తండ్రి దేశమునకు దూరముగా పెరిగిన బాలుడొకడు తన పట్టుదలచే ఒక మహాసంస్కృతికి వ్యాఖ్యాత కాగలిగెను. వారసత్వము రక్తముతో సంక్రమించినను, దానిని నేర్చుకొన్నవానికే అది దక్కును. ఆలయ తరగతులలో ఓనమాలు దిద్దుచున్న మన బాలబాలికలకు ఈ మాట ధైర్యమును కలిగించుగాక! పెద్దలు తమ అటకలనుండి ఆ పాత వస్తువులను దింపి, తుడిచి, అది ఎవరు చేసినదో, ఎవరు పాడినదో బిడ్డలకు చెప్పుదురు గాక!

సర్వే జనాః సుఖినో భవంతు.