గుడి తలుపు తెరవనిచ్చారు, దివాణం జోలికి పోనివ్వలేదు
గూడవల్లి రామబ్రహ్మం జీవితం

తెలుగు సినిమా పుట్టిన కొత్తల్లో తెరమీద దేవుళ్ళదే రాజ్యం. మహిమలు, శాపాలు, వరాలు. ఊళ్ళో గుడి మెట్టెక్కనివ్వని కూలీ, టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని అదే దేవుణ్ణి కళ్ళారా చూసి దణ్ణం పెట్టుకుని వచ్చేవాడు. గుడి బయట తను ఎందుకు నిలబడ్డాడో మాత్రం ఆ సినిమాలు చెప్పేవి కావు. ఆ మాట తెరమీదికి తెచ్చినవాడు గూడవల్లి రామబ్రహ్మం.

ఆయన 1902లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. మొదట పత్రికా రచయిత. సమదర్శిని, ప్రజామిత్ర పత్రికలు నడిపారు. కులం పేరిట సాగే పెత్తనం ఆయనకు పత్రికా రంగంలోనే బాగా తెలిసింది. అయితే పత్రిక చదవాలంటే అక్షరం రావాలి. మన పల్లెల్లో ఆనాడు అక్షరం ఎంతమందికి వచ్చు? సినిమాకి ఆ అడ్డు లేదు.

1938లో సారథి ఫిలిమ్స్ తరఫున మాలపిల్ల తీశారు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. తిరువాన్కూరులో 1936లో గుళ్ళు అందరికీ తెరిచారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం 1939లో వచ్చింది. అంటే మన దగ్గర చట్టానికంటే ముందే సినిమా వచ్చిందన్నమాట. హరిజనులను గుడిలోకి రానివ్వనంటాడు సుందరరామశాస్త్రి. ఆయన కొడుకే మాలపిల్ల శంపాలతను ప్రేమించి ఆమెతో కలకత్తా వెళ్ళిపోతాడు. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు, శంపాలతగా కాంచనమాల వేశారు. జనం విరగబడి చూశారు.

ఐతే ఒక్క మాట చెప్పుకోవాలి. శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే హరిజనులు కాపాడతారు. అప్పుడు గానీ ఆయన మనసు మారదు, గుడి తలుపు తెరుచుకోదు. అంటే ప్రాణాలకు తెగించి పెద్దింటి మనిషిని కాపాడితేనే గుడిలోకి రానిస్తారా? హక్కుగా రావలసింది బహుమానంగా వచ్చింది. చలం, రామబ్రహ్మం లాంటి వాళ్ళు కలిసినా కథ అక్కడికే వెళ్ళి ఆగింది. అయినా పూజారి చేసింది తప్పని నిండు హాల్లో చెప్పటం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మరుసటేడు, 1939లో, రైతుబిడ్డ. ఇందులో శాస్త్రుల మనసు మారటాలు లేవు. అప్పుల్లో కూరుకుపోయిన చిన్న రైతు నర్సిరెడ్డి జమీందారు నిలబెట్టిన మనిషికి కాకుండా రైతుల తరఫు మనిషికి ఓటు వేస్తానంటాడు. ఇక వేధింపులు మొదలు. నర్సిరెడ్డి వేషం బళ్ళారి రాఘవ వేశారు. పాటల కవిగా కొసరాజు తొలిసారి కనిపించింది ఈ సినిమాలోనే. ఈసారి జమీందార్లు భగ్గుమన్నారు. ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. గుడి గురించి తీస్తే ఆడనిచ్చినవాళ్ళే, శిస్తూ ఓటూ అనేసరికి తట్టుకోలేకపోయారు. వాళ్ళ ప్రాణం ఎక్కడుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

విచిత్రమేమిటంటే సారథి ఫిలిమ్స్‌కు పెట్టుబడి పెట్టినవాడూ జమీందారే, చల్లపల్లి రాజా. ఆ ఎస్టేటు భూముల కోసం కృష్ణా జిల్లా పేదలు తర్వాత ఎన్ని పోరాటాలు చేశారో కామ్రేడ్స్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. రాజుగారి డబ్బుతో రైతు కథ తీయగలిగారంటే రామబ్రహ్మం నేర్పరే. కానీ ఆ దారి ఎక్కువ దూరం సాగలేదు. రైతుబిడ్డ తర్వాత ఇల్లాలు, పంతులమ్మ లాంటివి తీశారు, 1945లో మాయాలోకం. మళ్ళీ దివాణం జోలికి పోలేదు.

చివరికి పల్నాటి యుద్ధం చేపట్టారు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు, మాల కన్నమదాసు చేతికి సేనాధిపత్యం. రామబ్రహ్మానికి తగిన కథే అది. పూర్తి చెయ్యకుండానే 1946 అక్టోబరులో, నలభై నాలుగో ఏట కన్నుమూశారు. మిగతా భాగం ఎల్.వి. ప్రసాద్ తీశారు. చిత్రం 1947లో విడుదలైంది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది.